ఉందని చెప్పలేని ఇల్లు

మొన్నామధ్య మా అపార్ట్‌మెంటుకి ఒక కుర్రాడు వచ్చాడు. ఉన్నవాళ్లు తమ డబ్బు ఎక్కడ దాచుకోవాలో చెప్పే కంపెనీ మనిషి. మండే ఎండలో మెడకి టై బిగించుకుని వచ్చాడు కదా అని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఒక కాగితం తీశాడు. దాని మీద నాలుగు గళ్లు: దిగువ, మధ్య, ఎగువ మధ్య, సంపన్న. "మేడమ్, మీ కుటుంబాన్ని మీరు ఏ గడిలో పెట్టుకుంటారు?" అన్నాడు. నా నోరు నన్నొక్క మాట అడక్కుండా, "మా దగ్గరేముంది బాబూ, ఏదో అలా నడుస్తోంది," అంది. ఆ కుర్రాడు సోఫా వైపు చూశాడు, ఏసీ వైపు చూశాడు, వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి ఉన్న ఫ్రిజ్‌ల వైపు చూశాడు. మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనకుండా రెండో గడిలో టిక్కు పెట్టుకున్నాడు. లోపల్నుంచి మావారు వచ్చి, "మనం మూడోది కదా," అన్నారు. నేను ఆయన్ని ఒక చూపు చూశాను. కుర్రాడు వెళ్లాక, "ఏం తప్పన్నానని అలా చూశావు?" అని అడిగారు. చెప్పాలంటే మా తాతయ్య దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఆయనకేమో అన్నానికి వేళయింది. అందుకని మీకు చెబుతున్నాను.

మా తాతయ్యకి ఇరవై రెండెకరాల నల్లరేగడి ఉండేది. చిలకలూరిపేటకి నాలుగు మైళ్ల దూరంలో, సగం పత్తి, సగం మిరప. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి తిరిగి చూడబుద్ధవుతోంది. ఆయన బతికుండగా ఆ అంకె మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా నాన్నది దూరప్రాంతంలో ఉద్యోగం కావడంతో నేను ఇంటర్ చదువు కోసం తాతయ్య ఇంట్లో ఉండి, రోజూ బస్సులో పేట వెళ్లి వచ్చేదాన్ని. నాకప్పుడు పదిహేడేళ్లు. నోరు కాస్త ఎక్కువ. ఆ నోటికి తాతయ్య వేసిన మొదటి తాళం ఇదే: "బస్సులో ఎవరైనా మీకెంత పొలం అని అడిగితే, మా తాతయ్యని అడగండి అను. నన్నడిగితే నేను చూసుకుంటా."

ఆయన చూసుకునే పద్ధతి నేను చాలాసార్లు చూశాను. మిరపకోతలప్పుడు కల్లంలో కాయ ఆరబోస్తే, రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా ఆ ఎరుపు కనపడేది. చీరలు పరిచినట్టు కాదు, చీరల కొట్టు పరిచినట్టు ఉండేది. ఘాటుకి అటు వెళ్లేవాళ్లంతా దగ్గేవాళ్లు. అంత ఎరుపు పక్కన నిలబడి, "కాపు బాగా వచ్చినట్టుందే," అని ఎవరైనా అంటే, తాతయ్య జేబులోంచి ఒక తాలుకాయ తీసి చూపించేవాడు. రంగు పోయి తెల్లబడిన కాయ. "ఇదీ వరస. అంతా తాలే," అనేవాడు. ఆ ఒక్క తాలుకాయని సీజనంతా జేబులో పెట్టుకు తిరిగేవాడని నాకూ చాకలికీ మాత్రమే తెలుసు.

నాయనమ్మ ఆయనకి తగ్గ ఇల్లాలు. వెన్న కాచే రోజున పక్క పొయ్యి మీద ఎండుమిరపకాయలు వేయించేది. నెయ్యి వాసన వీధిలోకి పోకూడదని. మా ఇంట్లో నెయ్యి కాచినప్పుడల్లా ఆ చుట్టుపక్కల నాలుగిళ్లు తుమ్మేవి, తుమ్ముతూ, "వాళ్లింట్లో నెయ్యి కాస్తున్నారు," అనుకునేవాళ్లు. మా బాబాయి పేట వెళ్లి కొత్త మోటార్ సైకిల్ కొనుక్కొస్తే, దాన్ని గడ్డివామి వెనక పెట్టి, పైన గోతాలు కప్పి, ఎప్పుడైనా బయటికి తీస్తే, "స్నేహితుడిది, ఇవాళ్టికి ఇచ్చాడు," అని చెప్పమన్నారు. ఆ స్నేహితుడు మూడేళ్లపాటు రోజూ ఇచ్చాడు.

ఊళ్లో అందరూ ఇంతే కాబట్టి ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు. వినేవాళ్లు మాటని తమకు తామే దిద్దుకునేవాళ్లు. "ఏం లేదు" అంటే బాగానే ఉందని. "ఏదో కాస్త" అంటే చాలా బాగుందని. "దేవుడి దయవల్ల అంతా బాగుంది" అని ఎవరైనా అంటే మాత్రం పక్కవాళ్లు కంగారుపడి, ఏమైందోనని సాయంత్రం పలకరించడానికి వెళ్లేవాళ్లు. ఇదంతా దిష్టి భయమనీ, పైకి వేసే వేషమనీ నేను అనుకునేదాన్ని. తరవాత్తరవాత తెలిసింది, తాతయ్య విషయంలో అది వేషం కాదని. పొద్దున్నే వేపపుల్ల నములుతూ ఆయన అరుగు మీద నిలబడి చూసే దిక్కున వాళ్లన్నయ్య మేడ ఉండేది. ఆయనకి నలభై ఎకరాలు. ప్రతి ఉదయం ముఖం కడుక్కోకముందే తాతయ్య పేదవాడైపోయేవాడు. ఆ తరవాత రోజంతా ఎంత పని చేసినా కోలుకునేవాడు కాదు.

ఇక మా బాబాయి సాంబశివరావు. ముప్ఫై దాటుతున్నా పెళ్లి కాలేదు. దగ్గరి సంబంధాలన్నీ ఏదో ఒక వంకతో తప్పిపోయాయి. ఆ ఏడాది ఒంగోలులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు భోజనాల బంతిలో ఒకమ్మాయి గారెలు వడ్డిస్తూ వచ్చిందట. ఈయన చెయ్యి అడ్డం పెట్టి, "వద్దండి, చాలు," అన్నాడు. ఇంటి అలవాటు మరి. ఆ అమ్మాయి, "వద్దన్న మొహం అలా ఉండదండి," అని రెండు గారెలు వేసి వెళ్లిపోయింది. అంతే, మా బాబాయి పడిపోయాడు. ఇంటికొచ్చి రెండు రోజులు నా చుట్టూ తిరిగి, "బుజ్జీ, ఆ అమ్మాయి పేరు అరుణంట. కనిగిరి దగ్గర పల్లెటూరు. నువ్వే ఎలాగైనా నాయనమ్మ చెవిన వెయ్యాలి," అన్నాడు. "గారెల కోసమైతే నాయనమ్మ కూడా చేస్తుందిగా బాబాయ్," అన్నాను. నవ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది, వ్యవహారం ముదిరిందని.

మధ్యవర్తిగా మా బంధువు, బడిపంతులు చేసి రిటైరైన మాస్టారు ఒకాయన కుదిరారు. కొన్నాళ్లకి అమ్మాయి తండ్రి మాలకొండయ్యగారు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. సన్నగా, ఎండి, ఎత్తుగా ఉన్న మనిషి. మెట్ట ప్రాంతం వాళ్లు ఉన్నమాట ఉన్నట్టు సూటిగా మాట్లాడతారని మేం వినడమే గాని చూడలేదు. విస్తరి ముందు కూర్చోగానే, "పొలం ఎంతుందండి మీకు?" అన్నారు. వడ్డిస్తున్న నాయనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అంత మాట ఎవరైనా భోజనం దగ్గర అడుగుతారా?

తాతయ్య గొంతు సవరించుకుని, "ఏముందండి. ఏదో, తిండిగింజలకి," అన్నాడు.

"పశువులూ?"

"పాలకి ఇబ్బంది లేకుండా ఒకటి రెండు."

"ఇల్లు సొంతమేనాండి?"

తాతయ్య దూలాల వైపు చూసి, "ఉంటున్నామండి," అన్నాడు.

మాలకొండయ్యగారు ఇంకేమీ అడగలేదు. నాయనమ్మ రెండోసారి పప్పు తెస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. పెరుగు దగ్గర కూడా గరిటెడు చాలన్నారు. మాకు తిండి సరిపోతుందో లేదోనని ఆయన పస్తుంటున్నారని మాలో ఎవరికీ తట్టలేదు. మెట్టవాళ్లు మితంగా తింటారు కాబోలనుకున్నాం. వెళ్లేటప్పుడు తాతయ్య రెండు చేతులూ పట్టుకుని, "మీరేం దిగులు పెట్టుకోకండి," అన్నారు. తాతయ్య ఆ మాట ఎందుకన్నారో తెలియక, ఎందుకైనా మంచిదని తలూపాడు.

పది రోజుల తరవాత బస్సు మా ఊరి సెంటర్లో ఆగింది. కండక్టరు టాపు మీంచి ఒక బస్తా దింపించి, పదిమంది వినేలా తాతయ్య పేరు చెప్పి, "కనిగిరి నుంచి పంపారు," అన్నాడు. బస్తాతో ఒక ఉత్తరం. అది చదవమని నాకిచ్చారు. సంబంధం మాకు ఇష్టమే, పిల్లవాడు బుద్ధిమంతుడిలా ఉన్నాడు, అని మాలకొండయ్యగారు రాశారు. లేమి మనుషులకే వస్తుంది, దాని గురించి మీరు మనసులో ఏమీ పెట్టుకోవద్దు. ఈ ఏడు మాకు సజ్జలు బాగా పండాయి, ఒక బస్తా పంపిస్తున్నాను, కాదనకండి. పెళ్లి భారం మీ మీద పడకుండా మా ఊళ్లోనే చేద్దాం.

నేను చదవడం ఆపేసరికి తాతయ్య మొహం తాలుకాయలా అయింది.

"ముష్టి పంపించాడు," అన్నాడు.

"సంబంధం ఇష్టమేనన్నాడుగా నాన్నా," అన్నాడు బాబాయి. ఆయనకి ఆ ఉత్తరంలో ఒక్క వాక్యమే వినపడింది.

"నాకు, నాకు సజ్జలు పంపిస్తాడా? బస్సు మీద వేసి?"

"అడుక్కున్నట్టు మాట్లాడారు, ఆయన పెట్టాడు," అంది నాయనమ్మ. "ఉంటున్నామండీ అంట. మీ నాన్న కట్టించిన ఇంట్లో కూర్చుని."

"మరేమనాలి? నాకింతుందీ అంతుందీ అని చెప్పుకోవాలా సిగ్గులేకుండా?"

ఆ మాటకొస్తే నాయనమ్మ అయినా అదే అనేది. బస్తా అరుగు మీదే ఉండిపోయింది. తిందామంటే పౌరుషం, తిప్పి పంపుదామంటే సంబంధం. ఆఖరికి తాతయ్య మాస్టారిని పిలిపించి, వెళ్లి అసలు సంగతి చెప్పి రమ్మన్నాడు. ఎంతని చెప్పాలని మాస్టారు అడిగితే నోటితో చెప్పలేక, చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. మా ఇంటి ఆస్తి మొట్టమొదటిసారి ఊరు దాటింది అలా, సిగరెట్టు పెట్టె కాగితం మీద.

మాస్టారు మర్నాడు తిరిగొచ్చారు. "వాళ్లు వద్దంటున్నారండి."

"చెప్పలేదా మీరు?"

"చెప్పాను. చెప్పినందుకే వద్దంటున్నారు. లేదనుకున్నన్నాళ్లూ ఇష్టమేనంట. ఉందని తెలిశాక వద్దంట."

ఇలాంటి తిరస్కారం మా జిల్లాలో అంతకుముందెవరూ విని ఉండరు. బాబాయి మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. మోటార్ సైకిల్ మీది గోతాలు తియ్యడం మానేశాడు. అన్నం దగ్గర ఏం వడ్డించినా వద్దనడం కూడా మానేశాడు, పెట్టింది పెట్టినట్టు మింగి లేచిపోయేవాడు. పది రోజులు చూసి నాయనమ్మ తాతయ్యతో, "వాడి మొహం చూస్తున్నారా? పదండి, మనమే వెళ్దాం," అంది. మగవాళ్లు అడగలేని మాటలు అడగడానికి నన్నూ తీసుకెళ్లారు. నా నోటికి పనిపడడం మా ఇంట్లో అదే మొదటిసారి.

రెండు బస్సులు మారాం. మార్టూరు దగ్గర బండరాళ్ల లారీ వెనక పడి అరగంట దుమ్ము తిన్నాం. ఆ తరవాత నల్లనేల అయిపోయి ఎర్రనేల మొదలైంది. పైరు పలచబడింది, మేకలు ఎక్కువయ్యాయి. తాతయ్య కిటికీలోంచి చూస్తూ, "ఏం పండుతుంది ఇక్కడ, రాళ్లు తప్ప," అన్నాడు. కనిగిరి కొండ కనపడేసరికి ఆయన మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. వాళ్లన్నయ్య మేడ కాకుండా ఇంకోటి చూసే అవకాశం ఆయనకి అరుదు.

మాలకొండయ్యగారిది రెండు గదుల పెంకుటిల్లు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపడ్డారు గాని మర్యాదకి తక్కువ చెయ్యలేదు. ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. అది తాగాక మాలకొండయ్యగారు, "రండి, చూద్దురుగాని," అని మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లారు. బావి చూపించారు. "ఉగాదిదాకా ఎండదండి ఇది. ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు." మేకలు చూపించారు, పధ్నాలుగు, వేలితో లెక్కపెట్టి మరీ. గాదె మూత తీసి, "ఇంకా ఇంతున్నాయి," అని సజ్జలు చూపించారు. "నాకు తొమ్మిదెకరాల మెట్ట. వానపడితే పండుద్ది, పడకపోతే లేదు. మాకేం లోటు లేదండి." వీధిలో నిలబడి ఒళ్లు రుద్దుకుంటున్న మనిషిని చూసినట్టు నాయనమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. తాతయ్య గాదెలోకి తొంగి చూశాడు. అడుగున రెండు మూరల ఎత్తున ఉన్నాయి గింజలు. మాకు పంపిన బస్తా అందులోంచి తీసిందే. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. నడుం పట్టేసిందేమో అనుకున్నాను. కాదు.

మళ్లీ వసారాలోకి వచ్చి కూర్చున్నాక తాతయ్య నెమ్మదిగా, "మేం చెప్పిన పద్ధతి మీకు అబద్ధంలా అనిపించి ఉంటుంది," అన్నాడు.

"అబద్ధానికి కాదండి నా భయం," అన్నారు మాలకొండయ్యగారు. "లేనిచోట మా పిల్ల బతగ్గలదు. అలవాటే. ఒకళ్లు లేదంటే ఇంకొకళ్లు ఉన్నదాంట్లో సర్దుతాం. కానీ అంత ఉండి లేదు లేదనుకునే ఇంట్లో ఇది ఏదన్నా ఎలా అడుగుద్దండి? మీరు చెడ్డవాళ్లని కాదు. పెట్టరనీ కాదు. దాని నోట అడిగే మాట రాకుండా పోద్దేమోనని."

మాట్లాడడానికని వచ్చిన నేను, నాకు తెలిసినంతలో మా ఇంట్లో ఎవరు ఏం అడిగారో లెక్కేసుకుంటున్నాను. బాబాయి ఒక మోటార్ సైకిల్ కొనుక్కున్నాడు, దానికి గోతాలు కప్పాం. నాయనమ్మ ఏమీ అడిగినట్టు గుర్తులేదు. ఆవిడ కూడా అదే లెక్క వేసుకుంటోందని, పమిట కొంగు మెలిపెట్టే తీరు చూస్తే తెలిసింది.

తాతయ్య గుమ్మం వైపు చూశాడు. అరుణ అక్కడే తలుపు పక్కన నిలబడి ఉంది. "అమ్మాయ్," అన్నాడు, "ఏదైనా అడుగమ్మా. నీకేం కావాలో."

ఆమె వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన తలూపారు. కాస్త ఆలోచించి, "రోజూ పేపరు కావాలండి," అంది.

నగ అడిగినా, చీర అడిగినా ఇవ్వడానికి తాతయ్య సిద్ధపడి వచ్చాడు. ఇది ఎటునుంచో వచ్చి తగిలింది. "పేపరా," అన్నాడు. "సెంటర్లో హోటలుకొస్తుందిగదమ్మా, నేను రోజూ అక్కడే..." అని, మధ్యలో ఆగాడు.

"హోటలుకి నేను రాలేను గదండీ," అంది అరుణ.

తాతయ్య నుదుటి మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. ఎకరం అడిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఎకరం ఒక్కసారి పోతుంది, ఎవరికీ తెలియకుండా రాసివ్వొచ్చు. పేపరు రోజూ వస్తుంది, తెల్లారేసరికి, అందరూ చూస్తుండగా, మన గుమ్మంలో పడుతుంది. దానికి గోతాలు కప్పడం కుదరదు.

"వేయిస్తానమ్మా," అన్నాడు. కాస్త గట్టిగా మళ్లీ అన్నాడు. "మనింటికే వేయిస్తాను."

మాలకొండయ్యగారు లేచి లోపలికెళ్లి పంచాంగం తెచ్చారు. మేం బస్సు దిగేసరికి బాబాయి గడ్డం గీసుకుని సెంటర్లోనే నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఊరికే గీసుకున్నానన్నాడు.

పెళ్లయి అరుణ పిన్ని వచ్చిన మూడో రోజు నుంచి మా అరుగు మీద పేపరు పడింది. తాతయ్య దాన్ని మొదట్లో అతిథిని చూసినట్టు దూరం నుంచి చూసేవాడు. తరవాత పిన్ని చదివేదాకా ఆగి, ఆమె మడిచి పెట్టాక తాను మొదలుపెట్టేవాడు. ఊళ్లో అందరూ అడిగారు. కోడలు చదువుతుందని చెప్పేవాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఇప్పుడు నా ఫోనులో ప్రపంచంలోని పేపర్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ పూర్తిగా చదవను. ఇంట్లో ఏమేం ఉన్నాయో చెప్పమంటే చెప్పలేను గాని, ఏమేం లేవో అడిగితే నిద్రలో కూడా చెబుతాను. మా వీధిలో అందరం అంతే. ఒకళ్ల కారు చూసి ఇంకొకళ్లం రోజూ పొద్దున్నే కాస్త పేదవాళ్లం అవుతుంటాం. మాలకొండయ్యగారి గాదె గుర్తొచ్చినప్పుడు మాత్రం సిగ్గేస్తుంది, అది కూడా ఎక్కువసేపు కాదు.

పెళ్లయిన కొన్నేళ్లకి మా వైపు పత్తికి తెల్లదోమ వచ్చింది. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఆ ఏడూ, ఆ తరవాతి ఏడూ కాయ చేతికి రాలేదు. అప్పులు తీర్చగా ఇరవై రెండెకరాల్లో తొమ్మిది మిగిలాయి. మోటార్ సైకిల్ నిజంగానే స్నేహితుడిదైపోయింది. సెలవులకి నేను వెళ్లినప్పుడు తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఎటూ చూడకుండా. పిన్ని అప్పుడే వచ్చిన పేపరు తీసుకుని, చదవకుండా చేతిలో పట్టుకుని, "మామయ్యగారూ, ఈ నెల నుంచి పేపరు ఆపేద్దామండి," అంది.

తాతయ్య తలెత్తాడు. చాలా రోజులకి ఆయన కళ్లలో కోపంలాంటిది కనిపించింది.

"అంత లేకుండా పోయామా అమ్మా?" అన్నాడు.

పిన్ని ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని, పేపరు మధ్యకి విడదీసి, సగం ఆయనకిచ్చింది.